వర్డ్‌లో సగం రాసిన నవల, కొత్తగా స్క్రివెనర్: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: వర్డ్‌లో ఇరవై రెండు అధ్యాయాల దాకా వచ్చిన నవల ఉంది. ఫైలు పెద్దదైపోయి, ఎక్కడ ఏం రాశారో వెతుక్కోవడానికే పొద్దు గడిచిపోతోందని, నవలల్లాంటి పెద్ద రచనలు రాసుకోవడానికి చేసిన స్క్రివెనర్ అనే సాఫ్ట్‌వేర్ ట్రయల్ దింపుకున్నారు. మూడు వారాలుగా వీడియోలు చూస్తూ నోట్సు రాసుకుంటున్నారు. నవల మాత్రం ఒక్క పేజీ కదల్లేదు. సాఫ్ట్‌వేర్ అంతా నేర్చుకున్నాక రాయాలా, లేక మళ్ళీ వర్డ్‌కే వెళ్ళిపోవాలా?

రెండూ అక్కర్లేదు. నేను పదమూడేళ్ళుగా స్క్రివెనర్‌లోనే రాస్తున్నాను, తెలిసినవాళ్ళకి పక్కన కూర్చుని నేర్పాను కూడా. మెనూలన్నీ వచ్చాక రాద్దామనుకున్నవాళ్ళు దాదాపు అందరూ మధ్యలో ఆగిపోయారు. నవలను విడివిడి సీన్ల కట్టగా చూడడం అలవాటు చేసుకున్నవాళ్ళు మెనూల్లో పదోవంతు కూడా తెలియకుండానే పుస్తకం పూర్తి చేశారు. ఆ అలవాటు ఒక్కటి వస్తే చాలు. మిగతావి అవసరం పడిన రోజున పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు.

స్క్రివెనర్ ఎలా పుట్టిందో తెలిస్తే స్క్రీన్ మీద కనిపించే వాటితో భయం తగ్గుతుంది. కీత్ బ్లౌంట్ అనే ఆయన తన సొంత రాతకి సరిపడే పనిముట్టు దొరక్క దీన్ని తయారు చేసుకున్నాడు. 2007లో మ్యాక్‌కి వచ్చింది, 2011లో విండోస్‌కి వచ్చింది. అందుకే ఇందులో పేర్లన్నీ రాసేవాళ్ళ బల్ల మీద ఉండే వస్తువులవి. ఎడమపక్క ఉన్న బైండర్ అంటే కాగితాలు దాచుకునే ఫైలు. కార్క్‌బోర్డ్ అంటే గోడకి తగిలించి చీటీలు గుచ్చుకునే పలక. ఒక్కో చీటీ వెనక ఒక కాగితం ఉంటుంది, ఆ కాగితం మీద మీ సీను ఉంటుంది. చీటీని జరిపితే కాగితం కూడా జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ గుండెకాయ ఇదే.

వీడియోలు ఆపేయండి. హెల్ప్ మెనూలో ఇంటరాక్టివ్ ట్యుటోరియల్ అని ఉంటుంది. అది కూడా ఒక స్క్రివెనర్ ప్రాజెక్టే, చదువుతూ అందులోనే చేసి చూడొచ్చు. దాని మొదటి భాగం వరకు చెయ్యండి, గంట పడుతుంది. కొన్ని వందల పేజీల మాన్యువల్ జోలికి ఇప్పుడు పోవద్దు. ఇంకో మాట, ట్రయల్ అయిపోతోందని టెన్షన్ పడకండి. ఆ 30 రోజులు మీరు సాఫ్ట్‌వేర్ తెరిచి వాడిన రోజులు, క్యాలెండర్ రోజులు కావు. వారానికి రెండు రోజులే తెరిస్తే పదిహేను వారాలు వస్తుంది.

ఇక అసలు పని. మీ వర్డ్ ఫైలుకి ఒక కాపీ తీసి, అసలుది పక్కన భద్రంగా పెట్టండి. నవల మొత్తాన్ని ఒకేసారి ముక్కలు చేసి తెచ్చుకునే దారి ఉంది: సీనుకీ సీనుకీ మధ్య విడిగా ఒక వరుసలో హ్యాష్ గుర్తు పెట్టుకుని, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ కింద ఉన్న 'ఇంపోర్ట్ అండ్ స్ప్లిట్'కి ఆ గుర్తు చెబితే అక్కడక్కడ విరిచి ఇస్తుంది. పని త్వరగా అవుతుంది. అయినా మొదటి నవలకి మాత్రం చేత్తో విరవమనే చెబుతాను. ఒక అధ్యాయాన్ని తెచ్చి ఒకే డాక్యుమెంట్‌గా అతికించండి. చదువుకుంటూ వెళ్ళండి. కాలం మారిన చోట, చోటు మారిన చోట, ఎవరి కళ్ళతో కథ చూస్తున్నామో వాళ్ళు మారిన చోట ఆగండి. కర్సర్ అక్కడ పెట్టి విండోస్‌లో కంట్రోల్ కె, మ్యాక్‌లో కమాండ్ కె నొక్కండి. అక్కణ్ణుంచి కింది భాగం వేరే డాక్యుమెంట్ అయిపోతుంది.

ఉదాహరణకి ఒక అధ్యాయం అనుకుందాం. అన్నదమ్ములు ఇంటి పంపకాల గురించి మాట్లాడుకుంటారు. ఆ రాత్రి తల్లి పాత పెట్టె తెరిచి కాగితాలు చూస్తుంది. తెల్లవారుజామున చిన్నవాడు ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచిపోతాడు. వర్డ్‌లో ఇది 'ఏడో అధ్యాయం' అనే పన్నెండు పేజీల ముద్ద. విరిచాక మూడు కాగితాలు. తల్లి పెట్టె తెరిచే కాగితాన్ని మౌస్‌తో పట్టుకుని పంపకాల మాటలకి ముందు పెట్టి చూడండి. ఇప్పుడు ఆ కాగితాల్లో ఏముందో పాఠకుడికి తెలుసు, కొడుకులకి తెలియదు. అన్నదమ్ములు మాట్లాడుకునే ప్రతి మాటకీ బరువు పెరుగుతుంది. వర్డ్‌లో ఈ ప్రయోగం చెయ్యాలంటే నాలుగు పేజీలు కత్తిరించి, పైకి వెళ్ళి అతికించి, నచ్చకపోతే మళ్ళీ వెనక్కి తేవాలి. అంత శ్రమ పడాలి కాబట్టి మనం అసలు ప్రయత్నించం. స్క్రివెనర్ నాకు చేసిన మేలు అడిగితే ముందు ఇదే చెబుతాను: అంతకుముందు చెయ్యడానికి బద్ధకించిన ప్రయోగాలు చెయ్యనిచ్చింది.

విరిచిన ప్రతి ముక్కకీ పేరు పెట్టండి. 'సీను 14' అని పెట్టొద్దు, నెల తర్వాత అదేమిటో మీకే గుర్తుండదు. 'తల్లి పెట్టె తెరుస్తుంది' అని ఏం జరుగుతుందో రాయండి. తర్వాత కుడిపక్క ఇన్‌స్పెక్టర్ అనే పట్టీలో పైన కనిపించే సినాప్సిస్ చీటీలో రెండు వాక్యాలు రాయండి. కథాసారం వద్దు. ఆ సీను మొదట్లో పరిస్థితి ఏమిటి, చివరికి ఏం మారింది, అంతే. కొన్ని సీన్ల దగ్గర చెయ్యి ఆగిపోతుంది, ఏం మారిందో రాయలేరు. అలాంటి వాటికి ఏదో ఒక రంగు లేబుల్ పెట్టి ముందుకి సాగండి. అప్పటికప్పుడు సరిదిద్దడానికి కూర్చోవద్దు.

ఇరవై రెండు అధ్యాయాలంటే అరవై డెబ్భై సీన్లు తేలొచ్చు. రోజుకి మూడు అధ్యాయాలు చేస్తే వారం పైచిలుకు పడుతుంది. ఆ వారంలో కొత్తగా రాయకపోయినా సమయం వృథా అయిందని బాధపడకండి, మీ నవలను ఇంత దగ్గరగా మీరు ఎప్పుడూ చదివి ఉండరు. పని అయ్యాక డ్రాఫ్టు ఫోల్డర్ మీద క్లిక్ చేసి కార్క్‌బోర్డ్‌లో చూడండి. ఒక్కో పాత్రకి ఒక్కో రంగు ఇచ్చి ఉంటే, పెద్దన్న రంగు వరసగా ఆరు అధ్యాయాల్లో ఎక్కడా లేదన్న సంగతి ఒక్క చూపులో తెలిసిపోతుంది. నా రెండో నవలలో ఒక ముఖ్యమైన స్త్రీ పాత్ర సగం పుస్తకం పాటు మాయమైపోయిందని నాకు ఇలాగే తెలిసింది. అప్పటికి ఆ డ్రాఫ్టు నాలుగుసార్లు చదివాను.

ముక్కలు చేస్తే రాతలో ధార తెగిపోతుందేమో అన్న భయం చాలామందికి ఉంటుంది, మీకూ ఉండొచ్చు. దానికే స్క్రివెనింగ్స్ అనే చూపు ఉంది. బైండర్‌లో మూడు సీన్లు కలిపి ఎంచుకుని కంట్రోల్ 1, మ్యాక్‌లో కమాండ్ 1 నొక్కితే అవి ఒకే పొడవాటి కాగితంలా వరసగా కనిపిస్తాయి. అక్కడే దిద్దుకోవచ్చు, దిద్దింది ఆయా ముక్కల్లోకే వెళ్తుంది. 2 కార్క్‌బోర్డ్, 3 సీన్లను జాబితాగా చూపే ఔట్‌లైనర్. మొదటి నెల ఈ మూడు మీటలూ, ఇందాక చెప్పిన విరిచే మీటా చేతికి వస్తే సరిపోతుంది.

తిరగరాసేటప్పుడు ఇంకొకటి కావాలి, స్నాప్‌షాట్. ఒక సీనును మార్చబోయే ముందు కంట్రోల్ 5, మ్యాక్‌లో కమాండ్ 5 నొక్కితే అప్పుడున్న పాఠం అలాగే దాచిపెడుతుంది. తర్వాత ఎంత కొట్టేసినా పాతది ఇన్‌స్పెక్టర్‌లో ఉంటుంది, పక్కపక్కన పోల్చుకోవచ్చు, కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు. 'అధ్యాయం7_కొత్త', 'అధ్యాయం7_చివరిది', 'అధ్యాయం7_అసలు చివరిది' అని ఫైళ్ళు పేరబెట్టుకునే బాధ పోతుంది. నచ్చిన వాక్యాన్ని కొట్టెయ్యడానికి ధైర్యం వస్తుంది, అది ఇంకా పెద్ద లాభం.

రీసెర్చ్ ఫోల్డర్ గురించి ఒక్క మాట. ఫొటోలు, పీడీఎఫ్‌లు, పాత ఉత్తరాల స్కాన్‌లు అందులో పెట్టుకోవచ్చు, ఎడిటర్‌ని, అంటే మీరు రాసే కిటికీని, రెండుగా చీల్చి ఒకపక్క ఫొటో చూస్తూ ఇంకోపక్క రాసుకోవచ్చు. బాగుంటుంది. కానీ రాయడం కష్టమైన రోజున అందులో కూర్చుని సర్దుకుంటూ పోతే ఏదో పని చేసినట్టే అనిపిస్తుంది. పాత్రలకి పదేసి పేజీల ప్రశ్నావళులు నింపడం కూడా అలాంటిదే. సీను రాస్తుండగా కావాల్సి వచ్చింది మాత్రమే అందులో పెట్టండి.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, వీటి మీద కాస్త ఎక్కువే చెబుతాను. మీ పాత అధ్యాయాలు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో, ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. డీటీపీలో వాడే పాత ఫాంట్లతో టైప్ చేసినవైతే స్క్రివెనర్‌లో అతికించగానే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. వాటిని కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు తారుమారయ్యాయేమో ఒకసారి చదివి, ఆ తర్వాతే తెచ్చుకోవాలి.

సెట్టింగ్స్‌లో ఎడిటర్ ఫాంట్‌ని నోటో సెరిఫ్ తెలుగు లాంటి దానికి మార్చండి. వరసల మధ్య దూరం కాస్త పెంచండి, లేకపోతే ఒత్తులూ, కింది వరస గుడులూ ఒకదానికొకటి తగులుకుంటాయి. టైప్ చేస్తుండగా స్పెల్లింగ్ చూసే సదుపాయం ఆపేయండి. తెలుగు నిఘంటువు లేనిచోట ప్రతి మాట కిందా ఎర్రగీత పడుతుంది, ఆ ఎరుపు చూస్తూ ఎవరూ రాయలేరు.

వెతకడంలో ఒక చిక్కు ఉంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట కింద వ ఒత్తు పడకుండా ఉండడానికి మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు వస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. మీ పాత్ర పేరులో అలాంటి పొల్లు ఉందనుకోండి, ఫోన్‌లో టైప్ చేసిన సీన్లలో ఒకలా, కంప్యూటర్‌లో చేసిన సీన్లలో ఇంకోలా నమోదవుతుంది. పేరు మార్చాలని రీప్లేస్ చేస్తే సగం చోట్ల మారి సగం చోట్ల ఉండిపోతుంది. పేరును పొల్లుకి ముందు వరకే కొట్టి వెతికి, అన్ని చోట్లా ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోండి.

పదాల లక్ష్యం కూడా మన భాషకి తగ్గట్టు పెట్టుకోవాలి. ఇంగ్లిష్ నవలకి 80,000 పదాలని ఎవరో చెప్పారని అదే అంకె ప్రాజెక్ట్ టార్గెట్‌లో పెట్టొద్దు. 'వెళ్ళలేకపోయినవాళ్ళకి' అన్నది మనకి ఒకే మాట, ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఐదారు మాటలు కావాలి. అదే అంకె పెట్టుకుంటే మీ నవల అనుకున్న దానికంటే చాలా లావెక్కుతుంది, రోజూ లక్ష్యం అందలేదన్న దిగులొకటి. అక్షరాల లెక్క ఇంకా నమ్మలేం: 'స్త్రీ' మనకి ఒక అక్షరం, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు. నేను సీన్లలోనే లెక్కపెట్టుకుంటాను. రెండు రోజులకి ఒక సీను. అంకె కావాలనిపిస్తే, మీరు ఇప్పటికే రాసిన నాలుగు మంచి సీన్ల సగటు చూసి దాన్ని లక్ష్యంగా పెట్టుకోండి.

ఇప్పుడు కంపైల్, అంటే ముక్కలన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా బయటికి తీయడం. ఎక్కువమంది స్క్రివెనర్ మీద విసుగు తెచ్చుకునేది ఇక్కడే, అదీ నవల పూర్తయ్యాక మొదటిసారి తెరవడం వల్ల. విషయం ఇంతే: మీరు ఎడిటర్‌లో చూసేది రాసుకోవడానికి, బయటికి వచ్చే పుస్తకం రూపం వేరు. ప్రతి డాక్యుమెంట్‌కీ అది ఏమిటన్న గుర్తు ఒకటి ఉంటుంది, అధ్యాయం శీర్షికా, సీనా అని. దాన్ని సెక్షన్ టైప్ అంటారు. ఆ రకం కాగితం బయట ఎలా కనపడాలో చెప్పేది సెక్షన్ లేఅవుట్. కంపైల్ కిటికీలో 'అసైన్ సెక్షన్ లేఅవుట్స్' దగ్గర రెండింటినీ జతపరుస్తారు. అంతే, అందులో ఇంకే రహస్యం లేదు. పైన ఫాంట్ అన్న చోట తెలుగు ఫాంట్ ఎంచుకోవడం మరిచిపోవద్దు. అక్కడ వదిలేస్తే తయారుగా ఉన్న ఫార్మాట్లు ఇంగ్లిష్ ఫాంట్ పెట్టేస్తాయి, మీ పుస్తకం ఏ ఫాంట్‌లో బయటికొస్తుందో చెప్పలేం. మొదటి వారంలోనే మూడు అధ్యాయాలు వర్డ్ ఫైలుగా కంపైల్ చేసి చూసుకోండి. ఒకసారి బయటికి తీసి చూశాక ఆ భయం పోతుంది.

ఇంతవరకు చెప్పినవాటిలో ఏది వదిలేసినా ఫర్వాలేదు, ఇది మాత్రం వదలొద్దు. స్క్రివెనర్ ప్రాజెక్టు మ్యాక్‌లో చూడ్డానికి ఒక ఫైలులా ఉన్నా నిజానికి అది ఒక ఫోల్డర్, అందులో బోలెడన్ని చిన్న ఫైళ్ళు. ఏడేళ్ళ క్రితం నేను ఇంట్లో కంప్యూటర్‌లో ప్రాజెక్టు తెరిచి ఉంచి, క్లౌడ్ ఫోల్డర్ ద్వారా ల్యాప్‌టాప్‌లో కూడా అదే తెరిచి రాశాను. సింక్ సగంలో ఉండగా మూత మూసేశాను. మర్నాడు బైండర్‌లో పేర్లున్నాయి, వాటిలో పదకొండు సీన్లు ఖాళీగా ఉన్నాయి. పాత బ్యాకప్ నుంచి ఏడు దొరికాయి. నాలుగు మళ్ళీ రాయాల్సి వచ్చింది, వాటిలో ఒకటి నేను ఆ నవలలో అన్నిటికంటే ఇష్టపడ్డ సీను. మళ్ళీ రాసింది దానికి సాటి రాలేదని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి ఒక ప్రాజెక్టును ఒక సమయంలో ఒక్క చోటే తెరవండి. మూసేశాక సింక్ పూర్తయిందని చూసుకున్నాకే రెండో చోట తెరవండి. స్క్రివెనర్ మూసిన ప్రతిసారీ తనంతట తాను బ్యాకప్ తీస్తుంది, కానీ మామూలుగా చివరి కొన్నింటినే ఉంచుకుని పాతవి తీసేస్తుంది. రోజుకి మూడుసార్లు తెరిచి మూసే అలవాటుంటే ఆ కొన్నీ రెండు రోజులకే అయిపోతాయి. బ్యాకప్ సెట్టింగ్స్‌లో ఆ సంఖ్య పెంచండి, జిప్‌గా దాచమని చెప్పండి, దాచే చోటుని ప్రాజెక్టు ఉన్న చోటుకి దూరంగా పెట్టండి. వారానికోసారి ఒక జిప్‌ని పెన్‌డ్రైవ్‌లోకి వేసుకోండి. నెలకోసారి మొత్తం వర్డ్‌లోకి కంపైల్ చేసి ఒక కాపీ ఉంచుకుంటే, రేపు ఈ సాఫ్ట్‌వేర్ లేకపోయినా మీ నవల మీ దగ్గరే ఉంటుంది.

ఇంత చేసినా స్క్రివెనర్ మీ చేతికి ఒదగకపోవచ్చు. అప్పుడు ఉచితంగా దొరికే వైరైటర్ చూడండి. అదీ ఒక నవలాకారుడే, సైమన్ హేన్స్, తయారు చేసింది. హంగులు తక్కువ, సీను సీనుగా రాయించడం మాత్రం అదే తీరు. మాన్యుస్క్రిప్ట్, నావెల్‌రైటర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వర్డ్‌లోనే ఉండిపోవాలనుకుంటే అధ్యాయాలకి హెడింగ్ 1, సీన్లకి హెడింగ్ 2 స్టైల్ ఇచ్చి నావిగేషన్ పేన్ తెరుచుకోండి. అందులోనూ సీన్లని పట్టుకుని పైకీ కిందికీ జరపొచ్చు. చీటీలూ స్నాప్‌షాట్లూ ఉండవు, అంతే. మీ నవల ముప్పావు వంతు పైన అయి ఉంటే ఈ దారే చెప్పేవాణ్ణి, ముగింపుకి దగ్గరలో పనిముట్టు మార్చడం మంచిది కాదు. మీరు సగంలో ఉన్నారు, పైగా ఎక్కడ ఏముందో దొరకడం లేదంటున్నారు. మీకు మారడమే లాభం.

ఇవాళ ఒక్కటే చెయ్యండి. మీ నవలలో మీకు అన్నిటికంటే చిరాకు తెప్పిస్తున్న అధ్యాయం ఏదో ఒకటి ఉంటుంది కదా, ముందు దాన్ని తెచ్చి విరవండి. బాగా కుదిరిన అధ్యాయంతో మొదలుపెడితే ఈ పద్ధతి ఎందుకో అర్థం కాదు, చిక్కుపడ్డదానితోనే తెలుస్తుంది. విరిచాక సీన్ల పేర్లూ, చీటీల మీద రాసిన రెండేసి వాక్యాలూ నాకు రాసి పంపండి. ఎక్కడ ఆగిపోయారో చూసి చెబుతాను.